హైదరాబాద్‌లో లో-కార్బ్ బేకింగ్ సామాన్లు: ఎక్కడ కొంటే చవక? తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాన్నగారికి పొద్దున్నే టీలో బ్రెడ్డు ముంచుకుని తినడం నలభై ఏళ్ల అలవాటు. షుగర్ వచ్చాక డాక్టర్ బ్రెడ్డు మానేయమన్నారు. ఆయన మానేశారు గానీ, టీ గ్లాసు పట్టుకుని ఖాళీ చేత్తో కూర్చుంటే చూడలేకపోయాను. లో-కార్బ్ బ్రెడ్ చేయడం అలా మొదలుపెట్టాను. మొదటి నెలలో సామాన్లకు పెట్టిన ఖర్చు చూసి మా ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది. ఇప్పుడు ఆ ఖర్చు సగానికి సగం తగ్గింది. రుచి తగ్గించలేదు, కొనే చోటు మార్చానంతే. మా అపార్ట్‌మెంట్‌లో, చుట్టాల్లో, తెలిసినవాళ్లు అడుగుతూ వచ్చిన ప్రశ్నలన్నీ ఇక్కడ ఒక్కచోట రాస్తున్నాను.

అసలు లో-కార్బ్ బేకింగ్ అంటే ఏమిటండీ? దేనికి బదులు ఏది వాడతారు?

మైదా, గోధుమపిండి, చక్కెర లేకుండా చేసే బ్రెడ్డు, కేకు, బిస్కెట్లు. వంద గ్రాముల మైదాలో దాదాపు 75 గ్రాములు పిండిపదార్థమే, అంటే కార్బ్స్. అదే వంద గ్రాముల బాదంలో మొత్తం 20 గ్రాముల పైచిలుకు కార్బ్స్ ఉంటే, అందులో సగానికి పైగా పీచు. పీచు రక్తంలో చక్కెరను పెంచదు కాబట్టి దాన్ని తీసేసి లెక్కేస్తారు. దాన్నే నెట్ కార్బ్స్ అంటారు. బాదంలో అవి పది గ్రాముల లోపే.

మన తెలుగువాళ్లలో చాలామందికి ఈ లెక్కలు వీఆర్‌కే (వీరమాచనేని రామకృష్ణ) డైట్ పేరుతో పరిచయమయ్యాయి. ఆ డైట్ చేసినా చేయకపోయినా, వంటింట్లో పిండి మార్చడానికి ఈ ఒక్క లెక్క తెలిస్తే చాలు.

పిండి స్థానంలో బాదం, వేరుశనగ, అవిసె, నువ్వులు, కొబ్బరి. సాగే గుణానికి ఇసబ్గోల్, గుడ్లు. తీపికి ఎరిత్రిటాల్ లేదా స్టీవియా. ఈ మూడు రకాలు ఇంట్లో ఉంటే తొంభై శాతం వంటకాలు చేసుకోవచ్చు.

జొన్న, రాగి, కొర్రలు మంచివంటారు కదా. వాటితో చేసుకుంటే సరిపోదా? చవక కూడా.

నన్ను అన్నిటికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. సూటిగా చెప్తాను: చిరుధాన్యాలు మంచి తిండి, కానీ లో-కార్బ్ కాదు. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో భారతీయ ఆహార పదార్థాల పట్టికలు ప్రచురించింది. వాటి ప్రకారం వంద గ్రాముల రాగిలో, జొన్నలో 67 గ్రాముల దాకా, సజ్జలో 62 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. బియ్యంతో పోలిస్తే పీచు, ఖనిజాలు ఎక్కువ, అరగడం కాస్త నెమ్మది. అన్నం బదులు జొన్నరొట్టె తినడం మంచి మార్పే. కానీ "రాగి కేకు షుగర్ వాళ్లకి పర్లేదు" అని చెప్పి బెల్లం పోసి చేసిన కేకు ముక్క పెడితే, ఆ ముక్క మామూలు కేకుకి పెద్ద తేడా లేకుండానే పని చేస్తుంది.

బెల్లం, తేనె, ఖర్జూరం, తాటిబెల్లం కూడా అంతే. పేరు మారినా అది చక్కెరే. సెనగపిండిలో మాంసకృత్తులు బాగానే ఉన్నా, కార్బ్స్ సగానికి పైగా ఉంటాయి. పకోడీకి బావుంటుంది గానీ లో-కార్బ్ బ్రెడ్డుకి పనికిరాదు.

బాదం ఎక్కడ చవక?

బేగంబజార్. నాకు తెలిసి నగరంలో దీన్ని మించిన చోటు లేదు. ఉస్మానియా మెడికల్ కాలేజీ మెట్రో స్టేషన్‌లో గానీ, నాంపల్లి స్టేషన్‌లో గానీ దిగి ఆటో ఎక్కండి. రెండూ మియాపూర్, ఎల్‌బీ నగర్ లైన్‌లోనే ఉన్నాయి. సొంత కారులో మాత్రం వెళ్లొద్దు. ఆ సందుల్లో సరుకు దించే ఆటో ట్రాలీల మధ్య ఇరుక్కుంటే సగం పూట అక్కడే అయిపోతుంది. పండగల ముందు రోజులు కూడా వద్దు. మామూలు రోజున, షాపులు తీసిన గంటలోపు చేరుకుంటే షాపువాళ్లు నింపాదిగా నాలుగు రకాలు చూపిస్తారు.

మనం తెలుగులో అడిగినా చాలామందికి అర్థమవుతుంది గానీ, అక్కడ వాడుక పేర్లన్నీ హిందీవే. అవిసె గింజలను అల్సీ అంటారు, నువ్వులను తిల్, పల్లీలను మూంగ్‌ఫలీ, గుమ్మడి గింజలను కద్దూ కే బీజ్, కర్బూజ గింజల పప్పును మగజ్. అవిసె అని అడిగితే ఒకసారి నాకు అలసందలు చూపించారు. అప్పటినుంచీ అల్సీ అనే అడుగుతున్నాను.

బాదంలో మామ్రా, గుర్బందీ రకాలు పిండికి అక్కర్లేదు. మామ్రా చాలా ఖరీదు, గుర్బందీ చిన్నగా ఉండి ఒక్కోసారి చేదు గింజ తగులుతుంది. మామూలు కాలిఫోర్నియా బాదం తీసుకోండి. అందులోనూ పెద్ద సైజు కోసం డబ్బు పెట్టొద్దు, ఎలాగూ మిక్సీలో వేసేవే. విరిగిన బాదం ఉందా అని అడగండి. టుకడా అంటారు. గింజ బాదం కన్నా కిలోకి గుర్తించేంత తక్కువకు ఇస్తారు.

టుకడా కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. విరిగిన చోట గాలి తగిలి నూనె తొందరగా పాడవుతుంది. మా అమ్మ నేర్పిన పద్ధతి చెప్తాను. బస్తాలో పైనుంచి కాదు, చెయ్యి లోపలికి పెట్టి గుప్పెడు తియ్యండి. ఒక ముక్కను పంటి కింద పెట్టి విరవండి. టక్కుమని విరిగి, లోపల పాలలా తెల్లగా ఉంటే మంచిది. మెత్తగా వంగితే తేమ ఎక్కింది. లోపల పసుపుపచ్చగా మారి, నాలుక మీద పాత నూనె రుచి తగిలితే ఎంత తక్కువకిచ్చినా వద్దు. గుప్పెడు తీసిన అరచేతిని కూడా చూసుకోండి. గోధుమరంగు పొడి బాగా అంటితే సరుకు చాలాకాలం అటూ ఇటూ దొర్లిందని అర్థం.

కిలో ధర, ఐదు కిలోల ధర వేరువేరుగా అడగండి. ఇద్దరు ముగ్గురు కలిసి ఐదు కిలోలు కొని పంచుకుంటే బాగా గిట్టుబాటు. మేం మా ఫ్లోర్‌లో మూడిళ్లవాళ్లం అలాగే చేస్తాం.

బేగంబజార్ దాకా వెళ్లే ఓపిక లేదు. దగ్గర్లో దారి?

సికింద్రాబాద్ వైపు వాళ్లకు మోండా మార్కెట్, జనరల్ బజార్ చుట్టుపక్కల కిరాణా, డ్రైఫ్రూట్ షాపులున్నాయి. బేగంబజార్ అంత ఎంపిక ఉండదు గానీ ఆటో ఖర్చు, పోయే పూట లెక్కేసుకుంటే సరిపోతుంది. డీమార్ట్‌లో ప్యాకెట్ బాదం ధర తరచుగా బేగంబజార్ చిల్లర ధరకు దగ్గరగానే ఉంటుంది. ఒక కిలో కోసమే అయితే డీమార్ట్ చాలు. రత్నదీప్, విజేత లాంటి సూపర్ మార్కెట్లలో ఆఫర్ ఉన్నప్పుడే బాదం తీసుకుంటాను. అవిసె, నువ్వులు, వెన్న, పనీర్ మాత్రం అక్కడ ఎప్పుడైనా కొనొచ్చు.

ఎక్కడ కొన్నా వంద గ్రాములకు ఎంత పడిందో చూసుకోండి. 180 గ్రాములు, 340 గ్రాములు అని వింత కొలతల్లో ప్యాకెట్లు పెట్టేది మనం పోల్చుకోకూడదనే. ఫోన్లో క్యాలికులేటర్ తీసి అక్కడే భాగించండి.

రెడీగా దొరికే బాదం పిండి కొనాలా, ఇంట్లో ఆడించుకోవాలా?

ఇంట్లోనే. ఇందులో నాకు రెండో మాట లేదు. పిండి ప్యాకెట్ మీద బాదం ధరకు అదనంగా చాలా వేస్తారు. పైగా పిండి అయ్యాక అందులో ఏం కలిసిందో కంటితో చెప్పడం ఎవరితరమూ కాదు.

బ్రెడ్డుకైతే పొట్టు తీయాల్సిన పనిలేదు. పొట్టుతోనే ఆడిస్తే గోధుమ బ్రెడ్డు రంగొస్తుంది, పీచూ పోదు. కేకుకి, బిస్కెట్లకి తెల్లగా కావాలంటే మరిగే నీళ్లలో ఒక్క నిమిషం వేసి, వెంటనే చన్నీళ్లలోకి తీసి, వేళ్ల మధ్య నొక్కితే పొట్టు జారిపోతుంది. ఫ్యాన్ కింద గుడ్డ మీద రాత్రంతా ఆరబెట్టి, పొద్దున కాసేపు ఎండ చూపించండి. చెమ్మ ఉంటే మిక్సీలో ముద్దయిపోతుంది.

ఆడించే ముందు గంటసేపు ఫ్రీజర్‌లో పెట్టండి. చిన్న జార్‌లో సగానికే వేసి, రెండు సెకన్లు తిప్పి ఆపుతూ, మధ్యలో కలుపుతూ పోవాలి. వేడెక్కితే నూనె వదిలి బాదం వెన్న తయారవుతుంది. ఒక చెంచా కొబ్బరి పిండి గానీ, వంటకానికి కావాల్సిన ఎరిత్రిటాల్‌లో కొంత గానీ జార్‌లోనే వేస్తే పిండి అంటుకోకుండా పొడిపొడిగా వస్తుంది. జల్లెడ పట్టాక మిగిలిన రవ్వను పారేయకండి. బిస్కెట్లలో అది పంటికి తగులుతూ చాలా బావుంటుంది.

బాదం అంటేనే భారం. ఇంకా చవకగా ఏమున్నాయి?

చాలా ఉన్నాయి, అన్నీ మన వంటింట్లోవే.

వేరుశనగ మొదటిది. బాదం ధరలో నాలుగో వంతు కూడా పడదు. వందకు నెట్ కార్బ్స్ ఎనిమిది గ్రాముల చుట్టూ, మాంసకృత్తులు బాదం కన్నా ఎక్కువే. పాలమూరు వైపు పల్లీ పంట బాగా పండుతుంది కాబట్టి మనకు కొత్త సరుకుకి కొదవలేదు. సన్నని మంట మీద పచ్చివాసన పోయేదాకా మాత్రమే వేయించి, పొట్టు తీసి, చల్లారాక బాదంలాగే ఆగి ఆగి ఆడించండి. ఎర్రగా వేయిస్తే కేకు పల్లీపట్టి వాసనేస్తుంది. కోకో వేసే కేకులో ఆ వాసన కలిసిపోతుంది, అందుకే చాక్లెట్ కేకుకి నేను బాదం వాడటమే మానేశాను. ఒక్క జాగ్రత్త: ముడుచుకుపోయినవి, నల్లబడినవి, బూజు వాసన ఉన్నవి ఏరి పారేయండి. పల్లీల మీద పెరిగే బూజు వదిలే అఫ్లాటాక్సిన్ విషం వేయించినా పూర్తిగా పోదు, కాలేయానికి హాని చేస్తుంది.

అవిసె గింజల్లో కార్బ్స్ దాదాపు అన్నీ పీచే. వందకు నెట్ కార్బ్స్ రెండు గ్రాములు మించవు. ధరా తక్కువే. కొద్దిగా వేయించి పొడి చేస్తే బ్రెడ్డుకి మంచి ముదురు రంగు, గింజ రుచి వస్తాయి. మొత్తం పిండిలో మూడో వంతు దాటనివ్వకండి, దాటితే బంకగా ఉంటుంది.

నువ్వులు కూడా పనికొస్తాయి. అంతకన్నా నాకిష్టమైనది తెలగపిండి. నువ్వుల నూనె గానుగాడాక మిగిలే చెక్క. మన పెద్దలు మునగాకుతో కూర చేసేది దీనితోనే. నూనె చాలావరకు పోయి మాంసకృత్తులు, పీచు మిగులుతాయి కాబట్టి లో-కార్బ్ పిండికి ఇంతకన్నా చవకది దొరకదు. ఈమధ్య నగరంలో చాలా కాలనీల్లో కట్టె గానుగ షాపులు వచ్చాయి కదా, అక్కడ అడగండి. తినడానికి కావాలని స్పష్టంగా చెప్పి, ఆ రోజు ఆడినదే తీసుకోండి. పశువుల దాణాకి పక్కన పడేసిన చెక్క వద్దు. ఇంటికి తెచ్చి ఎండలో గలగలలాడేలా ఎండబెట్టి పొడి చెయ్యాలి. కొంచెం చేదు ఉంటుంది. మొత్తం పిండిలో పదో వంతు వేసి మొదలుపెట్టండి. వాము, ఉప్పు పడే బ్రెడ్డులో ఆ చేదు తెలియదు.

పొద్దుతిరుగుడు గింజల పప్పు కూడా బాదం కన్నా చవకే. బాదం, జీడిపప్పు లాంటివాటికి ఎలర్జీ ఉన్న పిల్లలున్న ఇంట్లో చాలామంది దీన్నే వాడతారు. దీనితో నేను మొదటిసారి చేసిన కేకు మరుసటి రోజు కోస్తే లోపల ఆకుపచ్చగా ఉంది. బూజు పట్టిందని మొత్తం పారేశాను. తర్వాత తెలిసింది, ఆ గింజల్లోని క్లోరోజెనిక్ ఆమ్లం వంటసోడాతో కలిస్తే ఆ రంగు వస్తుందట, తినడానికి ఏ ఇబ్బందీ లేదు. సోడా తగ్గించి ఒక చెంచా నిమ్మరసం కలిపితే రంగు రాదు.

జీడిపప్పు ముక్కలు చవకగా వచ్చాయని కొనకండి. అందులో నెట్ కార్బ్స్ బాదానికి రెండింతల పైనే.

కొబ్బరి పిండి, కొబ్బరి పొడి ఒకటేనా?

కాదు. లడ్డూల మీద చల్లే కొబ్బరి పొడిలో నూనె మొత్తం ఉంటుంది. కొబ్బరి పిండి అంటే నూనె చాలావరకు తీసేసినది. అది స్పాంజిలా నీళ్లు పీల్చేస్తుంది. వంద గ్రాముల బాదం పిండి బదులు పాతిక, ముప్పై గ్రాములు చాలు, గుడ్లు మాత్రం పెంచాలి. వంటకంలో ఒకటి రాసి ఉంటే రెండోది వేయకండి, సామాన్లన్నీ వృథా అవుతాయి.

కొబ్బరి పిండి ప్యాకెట్ కొనక్కర్లేకుండా ఇంట్లోనే వస్తుంది. రైతు బజార్‌లో కొబ్బరికాయలు తెచ్చుకుని పాలు తీసినప్పుడు పిప్పి మిగులుతుంది కదా, దాన్ని గట్టిగా పిండి, పళ్లెంలో పలచగా పరిచి రెండు రోజులు మంచి ఎండలో ఆరబెట్టి మిక్సీ పట్టండి. ఎర్రగడ్డ, మెహిదీపట్నం, కూకట్‌పల్లి, సరూర్‌నగర్ రైతు బజార్లలో ఏది దగ్గరైతే అక్కడికి వెళ్లండి. పాలు కూరకి, పిప్పి కేకుకి.

ఇసబ్గోల్ ఎందుకు? ఎక్కడ కొనాలి?

మైదాలో గ్లూటెన్ అనే జిగురు ఉంటుంది కాబట్టి బ్రెడ్డు సాగుతుంది, నిలబడుతుంది. గింజల పిండిలో ఆ జిగురు లేదు. ఇసబ్గోల్ నీళ్లు తగలగానే జెల్లీలా మారి ఆ పని చేస్తుంది. మలబద్ధకానికి మన మెడికల్ షాపుల్లో అమ్మే పొట్టే ఇది. ప్రపంచంలో ఎక్కువ భాగం మన దేశంలోనే, గుజరాత్, రాజస్థాన్‌లలో పండుతుంది. అలాంటిది విదేశీ పేరుతో సైలియం హస్క్ అని రాసిన డబ్బాకి రెండింతలు పెట్టి కొనడం ఎందుకు?

కొనేటప్పుడు రుచి, రంగు, చక్కెర కలపనిది కావాలని అడగండి. ఆరెంజ్ రుచి ఉన్నవాటిలో చక్కెర ఉండొచ్చు. ఇంటికి తెచ్చాక మిక్సీలో పొడి చేస్తే తక్కువతోనే పని జరుగుతుంది. కొన్ని రకాలతో బ్రెడ్డు లోపల ఊదారంగు వస్తుంది, కంగారుపడొద్దు, కంపెనీ మార్చి చూడండి. ఇసబ్గోల్ పడిన బ్రెడ్డు తిన్నాక నీళ్లు బాగా తాగాలి. థైరాయిడ్ మాత్ర లాంటివి వేసుకునేవాళ్లు మందుకి, ఈ బ్రెడ్డుకి మధ్య కొన్ని గంటలు ఎడం ఉంచుకుంటే మంచిది.

ఇది ఉంటే పిండిని అతికించే శాంథన్ గమ్ పొడి అక్కర్లేదు. ఆ ఖర్చు మిగిలినట్టే.

తీపికి ఏది? దీనికే ఎక్కువ ఖర్చవుతోంది.

నిజమే. మిగతావన్నీ బజార్లో చవకగా దొరుకుతాయి గానీ ఎరిత్రిటాల్ మాత్రం ఆన్‌లైన్లో కొనడమే మేలు. పావు కిలో ప్యాకెట్లు కాకుండా ఒకేసారి కిలో తీసుకోండి. దాని తీపి చక్కెరలో 70 శాతమే. చిటికెడు స్టీవియా కలిపితే తక్కువ ఎరిత్రిటాల్‌తో సరిపోతుంది, నాలుక మీద తగిలే చల్లదనమూ తగ్గుతుంది. పలుకులు తొందరగా కరగవు కాబట్టి మిక్సీలో పొడి చేసుకోండి. మూత తీసేముందు ఐదు నిమిషాలు ఆగండి, ఆ పొడి గొంతులోకి పోతే దగ్గు ఆగదు.

ప్యాకెట్ వెనక చదవడం ఇక్కడ చాలా ముఖ్యం. స్టీవియా పొడి అని ముందు పెద్దక్షరాల్లో ఉంటుంది, వెనక చూస్తే మాల్టోడెక్స్‌ట్రిన్ లేదా డెక్స్‌ట్రోజ్ ఉంటుంది. ఈ రెండూ చక్కెరలాగే రక్తంలోకి వెళ్తాయి. ఎరిత్రిటాల్‌ని ఐఎన్ఎస్ (ఆహారంలో కలిపే పదార్థాలకు ఇచ్చే అంతర్జాతీయ నంబరు) 968 అని రాస్తారు. 965 అని ఉంటే అది మాల్టిటాల్. షుగర్ ఫ్రీ చాక్లెట్లలో ఎక్కువగా అదే ఉంటుంది. చక్కెర అంత కాకపోయినా షుగర్ పెంచుతుంది, ఎక్కువ తింటే కడుపు ఉబ్బుతుంది. 967 అంటే జైలిటాల్. ఇంట్లో కుక్క ఉంటే అది అసలు తేవొద్దు, కుక్కలకు విషం. ఆస్పర్టేమ్ వేడికి తీపి పోగొట్టుకుంటుంది, బేకింగ్‌కి పనికిరాదు.

ఎరిత్రిటాల్ మంచిదేనా అని కూడా అడుగుతారు. 2023లో వచ్చిన ఒక అధ్యయనంలో, రక్తంలో ఎరిత్రిటాల్ ఎక్కువున్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం కూడా ఎక్కువగా కనిపించాయి. మన శరీరమే కొంత ఎరిత్రిటాల్ తయారుచేసుకుంటుంది కాబట్టి, తిన్నదాని వల్లే అలా జరిగిందని ఆ అధ్యయనం తేల్చలేదు. నేను ఏం చేస్తానంటే, వంటకంలో రాసిన తీపిలో సగమే వేస్తాను. నెల రోజులకు నాలుక అలవాటు పడింది. నాన్నగారికి ఇప్పుడు బయటి కేకు ముక్క నోట్లో పెట్టుకుంటే అతి తీపి అనిపిస్తోంది. గుండె జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడిగే వాడాలి.

కీటో ఆటా అని, అంటే చాలా తక్కువ కార్బ్స్ ఉన్న పిండి అని, ప్యాకెట్లు అమ్ముతున్నారు. అవి మేలు కదా?

అన్నీ చెడ్డవని అనను. కానీ ఒకసారి అలాంటి ప్యాకెట్ తెచ్చి రొట్టెలు చేస్తే, తిన్న రెండు గంటలకు నాన్నగారి షుగర్ మామూలు చపాతీ తిన్నప్పటికి దగ్గరగానే వచ్చింది. అప్పుడు వెనక చదివితే మొదటి రెండు పేర్లలో ఒకటి గోధుమపిండి. ఆ రోజు నా మీద నాకే కోపమొచ్చింది, చదవకుండా ఆయనకు పెట్టాను కదా అని. ప్యాకెట్ మీద పదార్థాలను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు. మొదటి మూడు పేర్లు చూస్తే అసలు సంగతి తెలిసిపోతుంది. సోయాపిండి, బాదం, గ్లూటెన్ ఉన్నవి నిజంగా తక్కువ కార్బ్స్‌వే, కానీ ఆ సోయాపిండి విడిగా చాలా చవక. బేకరీల్లో షుగర్ ఫ్రీ బిస్కెట్లయితే చక్కెర లేని మైదా బిస్కెట్లే.

గుడ్లు, వెన్న, చీజ్ సంగతి?

గుడ్లు ముప్పై ఉన్న ట్రే కొనండి. నెక్ (జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ) రేటు రోజూ ప్రకటిస్తారు, చలికాలంలో పెరుగుతుంది, ఎండాకాలంలో తగ్గుతుంది. కోళ్లఫారం గుడ్ల హోల్‌సేల్ షాపులో ఆ రేటుకి దగ్గరగా ఇస్తారు. వెన్న ఉప్పులేనిది వాడండి, లేదా మీగడ నుంచి తీసుకున్న ఇంటి వెన్నే వాడండి, నెయ్యి కూడా బావుంటుంది. క్రీమ్ చీజ్ ఖరీదు. గట్టి పెరుగు పల్చటి గుడ్డలో కట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో వేలాడదీస్తే అదే పని చేస్తుంది. మొజరెల్లా తురిమి అమ్మేది కాకుండా దిమ్మ కొనండి, తురుము అంటుకోకుండా దానికి స్టార్చ్ చల్లుతారు.

గుడ్లు తినని ఇళ్లలో ఒక్కో గుడ్డుకి ఒక పెద్ద చెంచా అవిసె పొడి, మూడు పెద్ద చెంచాల నీళ్లు కలిపి నానబెట్టి వాడొచ్చు. బిస్కెట్లకు బాగా కుదురుతుంది. బ్రెడ్డు మాత్రం అంత పొంగదు.

ఓవెన్ లేదు. అచ్చులు ఎక్కడ?

మందపాటి గిన్నెలో అడుగున ఉప్పు పోసి, స్టాండ్ పెట్టి, మూతేసి పది నిమిషాలు వేడిచేసి అందులో చేయొచ్చు. అచ్చులు కూడా బేగంబజార్‌లోనే, గిన్నెల షాపుల్లో. అల్యూమినియం బ్రెడ్డు అచ్చు మాల్‌లో ధరకు సగంలోపే వస్తుంది. చిన్నది తీసుకోండి. గింజల పిండి మైదాలా పొంగదు కాబట్టి పెద్ద అచ్చులో చేస్తే బ్రెడ్డు పలకలా చదునుగా వస్తుంది.

ఒక బ్రెడ్డుకి ఏమేం పడతాయి?

నేను వారానికి రెండుసార్లు చేసేది ఇది. బాదం పిండి 50 గ్రాములు, వేరుశనగ పిండి 50, అవిసె పొడి 50, ఇసబ్గోల్ పొడి 15, బేకింగ్ పౌడర్ రెండు చిన్న చెంచాలు, ఉప్పు అర చెంచా. ఇంకో గిన్నెలో నాలుగు గుడ్లు బాగా గిలక్కొట్టి, కరిగించిన వెన్న 40 గ్రాములు, ఒక చెంచా వెనిగర్ లేదా నిమ్మరసం. రెండూ కలిపి, గోరువెచ్చని నీళ్లు పావు కప్పు పోసి, పది నిమిషాలు వదిలేస్తే ఇడ్లీ పిండి కన్నా కాస్త గట్టిగా అవుతుంది. అచ్చులో వేసి 170 డిగ్రీల దగ్గర 45 నుంచి 50 నిమిషాలు. పుల్ల గుచ్చితే పొడిగా రావాలి. పూర్తిగా చల్లారాకే కొయ్యండి, వేడి మీద కోస్తే లోపల తడిగా, ముద్దగా అనిపిస్తుంది.

పది ముక్కలు చేస్తే ఒక్కోదానిలో నెట్ కార్బ్స్ ఒకటిన్నర గ్రాములకు అటూ ఇటూ. మామూలు బ్రెడ్డు ముక్కలో పన్నెండు, పదిహేను ఉంటాయి. సగం బాదం తీసి పల్లీ వేసినందుకే ఖర్చు బాగా తగ్గింది.

ఉస్మానియా బిస్కెట్ లాంటిది చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. బాదం పిండి, వెన్న, ఎరిత్రిటాల్ పొడి, యాలకులు, మామూలు కన్నా కొంచెం ఎక్కువ ఉప్పు. ఆ ఉప్పే దాని ప్రాణం. చిటికెడు ఇసబ్గోల్ కలిపితే టీలో ముంచినప్పుడు విరిగి పడిపోదు. పొయ్యి మీంచి తీసినప్పుడు మెత్తగా ఉంటాయి, చల్లారితే గట్టిపడతాయి.

నిల్వ ఎలా?

మన ఏప్రిల్, మే ఎండలకు గింజల పిండి బయట వారం కూడా ఆగదు, పాత నూనె వాసన వస్తుంది. బాదం గింజగానే ఫ్రిజ్‌లో పెట్టి, వారానికి సరిపడా ఆడించుకోండి. అవిసె పొడి అన్నిటికంటే ముందు పాడవుతుంది, డబ్బా ఫ్రీజర్‌లోనే ఉంచండి. బ్రెడ్డు ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టుకుని పెనం మీద కాల్చుకుంటే అప్పుడే చేసినట్టుంటుంది.

షుగర్ మందులు వాడుతూ ఇది మొదలుపెట్టొచ్చా?

డాక్టర్‌కి చెప్పాకే. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి వాడుతూ ఒక్కసారిగా కార్బ్స్ తగ్గిస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లు మరీ తక్కువ కార్బ్స్ తింటే రక్తంలో ఆమ్లం పెరిగిపోయే కీటోఅసిడోసిస్ అనే ప్రమాదం ఉంది, అందులో షుగర్ రీడింగ్ మామూలుగా కనిపిస్తూనే ఒళ్లు విషమిస్తుంది. వాంతులు, ఆయాసం వస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు గింజలు ఎంత తినొచ్చో అడిగి తెలుసుకోవాలి.

మొదటిసారి ఎంతెంత కొనాలి?

అరకిలో విరిగిన బాదం, కిలో పల్లీలు, అరకిలో అవిసె, వంద గ్రాముల ఇసబ్గోల్, ఒక చిన్న అచ్చు. వంటింటి తూకం మెషిన్ లేకపోతే అదొక్కటీ తప్పకుండా కొనండి, కప్పులతో కొలిస్తే ప్రతిసారీ వేరుగా వస్తుంది. తీపి పదార్థాలేవీ మొదటి వారం వద్దు. ముందు బ్రెడ్డు కుదరనివ్వండి, ఇంట్లోవాళ్లు రెండోసారి అడిగాక ఎరిత్రిటాల్ తెప్పించుకోవచ్చు.